అత్తగారి తేలిక సైకిల్

వెళ్ళిన దారి వంక కళ్ళప్పగించి చూస్తే మనిషి తొందరగా తిరిగొస్తుందా, రాదు, ఆ సంగతి సిటీ బస్సు నడిపే మనిషికి ఇంకొకరు చెప్పాలా, స్టాపుల్లో మెడలు సాచి చూసే జనం కోసం తన బస్సు ఎన్నడైనా ఒక్క నిమిషం ముందు వెళ్ళిందా, అయినా సరే కోడలు ఆ సైకిళ్ళ షాపు వెనక గుమ్మంలో నిలబడి కొండ మీదికి పోయే మట్టిదారి మలుపునే చూస్తోంది. అత్తగారు ఆ మలుపు తిరిగి ఎంతోసేపు కాలేదు. ఎర్ర హెల్మెట్ ఒక పొద పైన తేలి, ఇంకో పొద వెనక మునిగి, తర్వాత ఒట్టి దారి మిగిలింది. "ఓ గంట తొక్కి రండమ్మా, నచ్చకపోతే ఇంకోటి చూద్దాం," అన్నాడు షాపాయన, చెప్పుల కొట్లో జత మార్చి ఇచ్చినంత తేలిగ్గా. ఆయనకేం తెలుసు, ఇది నచ్చడం నచ్చకపోవడం సంగతి కాదు. పొద్దున కారులో వస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంట్లో సబ్బు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది అత్తగారు: "చూడమ్మాయ్, తుంటి విరిగాక కొండెక్కడం ఇదే మొదలు. ఇవాళ నా వల్ల కాకపోతే ఇక ఆ మాటెత్తను. మీరూ ఎత్తకండి. హెల్మెట్టూ బూట్లూ ఎవరికైనా ఇచ్చేద్దాం." కోడలు సరేనంది. ఆవిడ ఒకసారి అన్నాక అన్నదే, కాదనడానికి ఆ ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ నోరు లేవలేదు.

షాపులో కొత్త రబ్బరు వాసన, గొలుసులకు రాసే నూనె వాసన, గోడకు వేలాడే చక్రాలు గాలికి కాస్త కదిలినా టిక్ టిక్ మనే చప్పుడు. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా కోడలు తల తిప్పి చూస్తోంది, వచ్చేసిందేమోనని. రాలేదు, ఇంకా రాకూడదు కూడా, ఇప్పుడే వచ్చేస్తే అది మంచి కబురు కాదు. గోడకు ఆనించి ఉన్న సైకిల్ వంక చూసింది. షాపాయన ఎంచి పెట్టినవి రెండు, రెంటికీ ముందూ వెనకా షాకులున్నాయి, రాయి తగిలితే చక్రం పైకి లేచి దెబ్బ తను మింగేస్తుంది. ఇక్కడ మిగిలింది పెద్దది, దాని చక్రం దాదాపు జానెడు ఆడుతుంది, లావు టైర్లు, లావు గొట్టాలు, దాని మీద కూర్చుంటే పరుపు మీద కూర్చున్నట్టే. అదే కొనమని పోరింది కోడలు. అత్తగారు తీసుకెళ్ళింది రెండోది, తడిసిన రాతి రంగుది, చక్రం ఆడేది బెత్తెడుకి కాస్త పైన, అంతే, వెనక షాకు చిన్న టార్చిలైటంత. సీటు కింద రెండు వేళ్ళు పెట్టి, పిల్లి తన కూనను మెడ పట్టి ఎత్తినట్టు ఎత్తిందావిడ. ఎత్తి, నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయింది. "అత్తయ్యా, అది మెత్తగా ఉండదటండీ, తుంటికి మెత్తటిదే మంచిది కదా," అంటే, "పరుపు మీద కూర్చుంటే కింద ఏముందో నాకెలా తెలుస్తుందే? కాస్త తెలియాలి. మరీ తెలియకూడదు, నిజమే, అందుకే ఈ బెత్తెడు. పైగా ఎక్కేటప్పుడు ఆ మెత్తటి బండి నా తొక్కుడంతా తనే తినేసి నాకేం మిగల్చదు," అంది. కోడలికి అర్థమైంది సగం. మిగతా సగం ఆ నవ్వు చూసి ఒప్పుకుంది.

మొగుడైతే మోటారున్నది కొందామన్నాడు. అమ్మతో అనలేదు, పెళ్ళాంతో అన్నాడు, అమ్మతో చెప్పమని. లిఫ్టులు పరీక్షించే ఉద్యోగం అతనిది, తీగ ఎక్కడ తెగుతుంది, పెట్టె ఎప్పుడు పడుతుంది, పొద్దస్తమానం పడిపోయేవాటి గురించే ఆలోచించి జీతం తెచ్చుకునే మనిషి, ఇంటికొచ్చాక తల్లి గురించి కూడా అదే ఆలోచన. పాపం ప్రేమే, కాదనలేం. కానీ కందకు లేని దురద కత్తిపీటకెందుకని కోడలు నోరు మూసుకుంటే, తలుపు వెనక నుంచి అత్తగారే వినేసి, "మోటారుంటే కొండెక్కినట్టు కాదురా నాయనా, లిఫ్టెక్కినట్టు. నువ్వొచ్చి పరీక్ష చేసి వెళ్ళాలి," అంది. అతను కూడా నవ్వాడు. నవ్వి, రాత్రి పడుకునే ముందు మళ్ళీ మొదలుపెట్టాడు.

అత్త లేని కోడలుత్తమురాలు అంటారు. అన్నవాళ్ళకి ఇలాంటి అత్త దొరకలేదు. పెళ్ళైన కొత్తలో కొండ కింద పార్కింగులో ఈ కోడలు ఇలాగే నిలబడి ఉంది, ఎండగా ఉంది, చేతిలో అత్తగారి తువ్వాలు, కొత్త ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని రోజులు, పక్కన ఎవరో కుర్రాళ్ళు "అదుగో మేకమ్మ దిగుతోంది" అన్నారు. మేకమ్మ ఎవరా అని తలెత్తి చూస్తే అత్తగారు. రాళ్ళన్నీ మెట్లుమెట్లుగా పరిచినట్టున్న ఆ వాలు మీద, మనుషులు చేతులు పట్టుకుని దిగే చోట, ఆవిడ పెడళ్ళ మీద లేచి నిలబడి, మోచేతులు విప్పి, నడుము వెనక్కి పెట్టి, ముఖంలో ఏ కంగారూ లేకుండా, ఏదో పుస్తకం చదువుకుంటున్న మనిషిలా దిగుతోంది. కింద చక్రాలు అటూ ఇటూ ఎగిరెగిరి పడుతుంటే పైన తల మాత్రం నిశ్చలంగా ఉంది. అంత అందమైనది కోడలు అంతకుముందు చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. వచ్చి ఆగి, తువ్వాలు అందుకుని, "ఆకలేస్తోందా అమ్మాయ్?" అంది, ఏమీ జరగనట్టు. ఫోను స్తంభాలెక్కి తీగలు సరిచేసే ఉద్యోగం చేసిందట వయసులో, ఆడవాళ్ళు ఆ పని చేయని రోజుల్లో, ఎక్కడం అందరూ నేర్పారు, దిగడం ఎవరూ నేర్పలేదు, అది నా అంతట నేనే నేర్చుకున్నాను, అని ఒకసారి చెప్పింది. బస్సు నేర్చుకునేటప్పుడు సందులో వెనక్కి తీయలేక కోడలు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన రోజున కూడా ఆవిడే, కూరగాయలు తరుగుతూ, "గోడకి తగులుతుందని గోడనే చూస్తే గోడకే తగులుతుంది. నువ్వు పోవాల్సిన చోటు చూడు," అంది. మర్నాడు బస్సు వెనక్కి వెళ్ళింది. డిపోలో ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా అత్తగారు చెప్పారంటే ఎవరూ నమ్మలేదు.

అలాంటి మనిషి, ముప్పై ఏళ్ళు కొండ మీద పడని మనిషి, ఇంట్లో మెట్ల మీద ఉతికిన బట్టల బుట్టతో పడింది. రాసిపెట్టి ఉండడం అంటే ఇదేనేమో, ఎంత చవకబారు రాత. ఆపరేషను, ఊతకర్రలు, మంచం పక్కన గంట, ఆ గంట ఒక్కసారి కూడా మోగించలేదావిడ, అవసరమైనప్పుడు కూడా, కోడలే గంటకోసారి వెళ్ళి ఏం కావాలత్తయ్యా అని అడగాల్సి వచ్చేది. స్నానం చేయించింది కోడలే. మొదటిరోజు ఇద్దరూ ఇటు ఒకరు అటు ఒకరు చూస్తూ కానిచ్చారు, రెండోరోజు అత్తగారు, "నీ బస్సు కడిగినట్టు కడిగేయ్, మొహమాటమెందుకు," అంటే ఇద్దరికీ నవ్వాగలేదు. తర్వాత కిటికీ దగ్గర కుర్చీ. అదే కష్టం. కిటికీలోంచి కొండ కనపడదు, ఎదురింటి గోడే కనపడుతుంది, ఆ గోడనే చూస్తూ కూర్చునేది, ఏం చూస్తున్నారని అడిగితే ఏమీ లేదమ్మా అనేది. ఈ గంట తర్వాత మళ్ళీ ఆ కుర్చీయేనా.

కాలు కాలిన పిల్లిలా షాపంతా తిరిగి, చివరికి మెకానిక్కులు కూర్చునే ఎత్తు స్టూలు మీద కూర్చుంది, అది ఒక్క పిసరు కూడా కిందికి దిగలేదు, ఒట్టి ఇనుము. బస్సులో తన సీటు అలా కాదు, దాని కింద గాలి తిత్తి ఉంటుంది, కూర్చోగానే ఉస్సుమని కాస్త దిగి ఆగుతుంది, మనిషి బరువుకి తగ్గట్టు గాలి పెట్టుకోవాలి, తన గాలి తనది. మొన్న సెలవు పెడితే తన బదులు ఒక సన్నపాటి అమ్మాయి బస్సు తీసింది, గాలి మార్చుకోలేదు, సాయంత్రానికి నడుం పట్టుకుని, "అక్కా, నీ సీటు ఏం సీటు, రాయి," అంది. రాయి కాదే పిచ్చిదానా, నా బరువుకి పెట్టిన గాలి నీ కింద ఎలా దిగుతుంది, అని తను నవ్వింది. నవ్వింది. అక్కడ ఆలోచన ఆగిపోయింది. ఇందాక అత్తగారు లోపల గదిలో బూట్లు మార్చుకుంటుంటే షాపాయన చిన్న పంపు చేత్తో పట్టుకుని, "అమ్మగారి బరువెంతండీ, షాకులో గాలి దాన్నిబట్టే పెట్టాలి," అని అడిగాడు. ఆవిడ తన బరువు ఎవరికీ చెప్పదు, ఆసుపత్రిలో కూడా కాటా ఎక్కి అంకె కనపడకుండా చేత్తో మూసింది. ఆవిడ వచ్చి ఇబ్బంది పడేలోపు పని కానిద్దామని కోడలు గబగబా, "డెబ్బై రెండు పెట్టండి," అంది. డెబ్బై రెండు తన బరువు. ఇద్దరిదీ ఒకటే కొలత కదా, ఎన్నాళ్ళుగానో ఒకరి కోటు ఒకరు వేసుకుంటున్నారు కదా. ఇవాళ పొద్దున ఆ కోటు అత్తగారి భుజాల మీద ఎలా వేలాడిందో తనే చూసింది, కాలర్ తనే సర్దింది. స్నానం చేయించిన చేతులివే, వెన్నెముక ఒక్కొక్క పూసా తెలిసిన చేతులు. అంతా తెలుసు. తెలిసి కూడా నోటికి పాత అత్తగారే వచ్చింది. నోరు జారింది అంటారు, నోరు కాదు జారింది, ఆవిడ తగ్గిపోయిందని ఒప్పుకోలేని మనసు.

"ఏవండీ, గాలి ఎక్కువైతే ఏమవుతుంది?" అని అడిగింది షాపాయన్ని. ఆయన ఏదో చక్రంలో పుల్లలు బిగిస్తూ తలెత్తాడు. "ఏమవుతుందమ్మా, షాకు ఉన్నా లేనట్టే. ఎక్కడం బానే ఎక్కుతుంది, గట్టిగా ఉంటుంది కదా. దిగేటప్పుడు ప్రతి రాయీ నడుముకి చెబుతుంది." ఇందాక చెప్పిన బరువు తప్పని ఒప్పుకుంటే, ఆవిడ ఎంత తక్కువని అడిగాడు, కోడలు అంచనాగా చెప్పింది, ఆయన నాలుక కరుచుకున్నాడు. "నేనూ ఆవిణ్ణి కూర్చోబెట్టి షాకు మీది రబ్బరు రింగు ఆవిడ బరువుకి ఎంత దిగిందో చూడాల్సింది. ఆవిడ ఆగితేగా. ముందు దారి వదలవయ్యా అన్నారు. మేకమ్మగారితో నేనేం వాదించను." ఆగదు, నిజమే, ఆవిడ ఎవరి కోసమూ ఆగదు. ఫోను చేద్దామంటే ఆవిడ ఫోను కోడలి సంచీలోనే ఉంది. పంపు బల్ల మీద ఉంది.

పంపు తీసుకుని పరిగెత్తుకు పోతే, ఎక్కడికని, కొండకి దారులు నాలుగు, తనకి ఒక్కటీ తెలియదు, ఇన్నేళ్ళూ పార్కింగు తప్ప తనకి తెలిసిన కొండ ఏముంది, తువ్వాలు పట్టుకుని నిలబడడం, ఆవిడ అలా వెళ్ళి ఇలా వచ్చేయడం, ఎక్కేటప్పుడు వెంట రాలేవు, దిగేటప్పుడు అసలే రాలేవు, నువ్వు కింద ఉండమ్మాయ్ అనేది ఆవిడ, ఉంది, హాయిగానే ఉంది, ఇప్పుడు చూడు. మలుపు దాకా వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇంకో మలుపు కనపడింది, వెనక్కి వచ్చింది. పైన ఎక్కడో ఇప్పుడు ఆవిడ వాలు మొదట్లో ఆగి ఉంటుంది, పెడళ్ళ మీద లేచి నిలబడి, బండిని నమ్మి దిగుతుంది, మొదటి రాయికే దెబ్బంతా నేరుగా ఆ కొత్త తుంటికి, కొట్టినట్టు, అప్పుడు ఆవిడ ఏమనుకుంటుంది, బండి గట్టిదనుకోదు, తప్పు ఎవరి మీదా తోయని మనిషి, నా వల్ల కాలేదనే అనుకుంటుంది. అనుకుని హెల్మెట్ తీసేస్తుంది. డెబ్బై రెండని తనన్న ఆ ఒక్క మాటకి. ఆవిడ కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ ఉంటే ఆ కుర్చీ తోసింది తనే అవుతుంది. పడితే, ఆ మాట అనుకోకూడదు, మొగుడు అనుకుంటాడు పడడాల సంగతి, తను అనుకోకూడదు, గోడని చూడకూడదు, దారిని చూడాలి, దారిలో ఎవరూ లేరు.

దారిలో ఎవరో ఉన్నారు. ఎర్ర హెల్మెట్ మొదట కనపడింది, చాలా నెమ్మదిగా, సైకిల్ మీద ఉండాల్సిన ఎత్తులో లేదు. అత్తగారు నడిచి వస్తోంది. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, పక్కన తడిరాతి రంగు సైకిల్ టిక్ టిక్ మంటూ దొర్లుతోంది. కుంటు కాస్త ఉంది. దారికి అడ్డంగా పడిన దుంగ దగ్గర ఆగి, సైకిల్ని చంక కిందికి ఎత్తి అవతల పెట్టి, తను దుంగ మీద చెయ్యేసి ఒక్కో కాలూ దాటించి, మళ్ళీ నడక. మేకమ్మ కొండ నడిచి దిగడం ఎవరూ చూసి ఉండరు. షాపాయన చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. కోడలు ఎదురెళ్ళింది, సగం దారిలోనే మొదలుపెట్టింది.

"అత్తయ్యా, తప్పు నాదండీ. గాలి నా బరువుకి పెట్టించాను. బాగా గట్టిగా అయిపోయి ఉంటుంది, మీకు దెబ్బలన్నీ తగిలి ఉంటాయి. అందుకే దిగలేకపోయారు. ఇప్పుడు సరిగ్గా పెట్టిస్తాను, కాసేపు కూర్చుని మళ్ళీ వెళ్ళి రండి. ఇవాళ్టిది లెక్కలోకి రాదు."

అత్తగారు హెల్మెట్ తీసింది. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుంది, ముఖం ఎర్రగా ఉంది, కోడలు ఆ ముఖాన్ని వెతికింది, అందులో ఏముందో మొదట తెలియలేదు.

"తెలుసు," అంది అత్తగారు. "పైన రింగు చూశాను. కదల్లేదు. నీ పనే అనుకున్నాను."

"మరి?"

"పుల్లతో వాల్వు నొక్కి గాలి తీశాను. కూర్చుని, చూసుకుని, సరిగ్గా కుదిరేదాకా తీశాను. ఎంత బాగా కుదిరిందో. అప్పుడు దిగబోయాను." హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించింది. "బండి దిగుతానంది అమ్మాయ్. నేనే దిగలేకపోయాను. రెండుసార్లు ముందుకి పోనిచ్చాను, రెండుసార్లూ ఈ కాలు వద్దంది. భయం వేసింది. ఇదివరకు ఎప్పుడూ తెలియదు నాకు, అది అలా ఉంటుందని."

తన తప్పు ఆవిడకి ఒక సాకు కూడా, బంగారంలాంటి సాకు, చేతికిస్తే ఎవరైనా తీసుకునేవారు, గాలి వల్ల అని ఇంటికెళ్ళి అందరికీ చెప్పుకోవచ్చు. ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది, వాడని వస్తువు పక్కన పెట్టినట్టు. స్తంభాలెక్కిన రోజుల నుంచీ ఆవిడ మీద చెప్పుకునే గొప్పలన్నీ కోడలికి తెలుసు, ఇప్పుడు చూస్తున్నది వాటన్నిటికన్నా పెద్దదని అనిపించింది, అనిపించి కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. ఇక హెల్మెట్ ఎవరికివ్వాలో అడుగుతుందనుకుంది. అత్తగారు ఆమెను దాటి షాపాయన దగ్గరికి నడిచింది.

"ఇది తీసుకుంటున్నాను," అంది.

షాపాయన ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మీరు నడిచి వచ్చారు కదా... పెద్దది ఒకసారి చూడండి. మెత్తగా దింపుతుంది."

"దింపడానికి కాదయ్యా. ఇక బండి మీద దిగను. పైదాకా ఎక్కాను, ఒక్కచోట కూడా కాలు కింద పెట్టలేదు. చెట్ల వేళ్ళన్నీ అడ్డంపడి ఉన్న ఆ చోట కూడా, వెనక చక్రం జారలేదు, కింద ఏముందో అంతా నాకు చెబుతూనే ఉంది. పైన గాలి వీస్తోంది. ఏడాదిన్నర అయింది అక్కడ నిలబడి." సీటు మీద చేత్తో దుమ్ము తుడిచింది. "దిగేటప్పుడు నడుస్తాను. నడిచేదాన్ని కాబట్టే తేలిక బండి కావాలి. ఆ దుంగల మీదుగా నీ పరుపుని ఎత్తమంటావా నన్ను?"

షాపాయన నవ్వాడు, నవ్వి తల ఊపాడు, "అందరూ చూస్తారేమోనమ్మా, మేకమ్మ నడిచి దిగుతోందని," అన్నాడు.

"చూడనీ. వాళ్ళకీ మోకాళ్ళున్నాయి, వాళ్ళకీ వయసొస్తుంది."

ఆయన లోపలికి వెళ్ళాడు. అత్తగారు గుమ్మం పక్కన బల్ల మీద మెల్లగా కూర్చుని, నొప్పి ఉన్న కాలు ముందుకి చాపి, కోడల్ని పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది. కూర్చున్నాక ఆ చెయ్యి కోడలి మోకాలి మీద పెట్టి అలాగే ఉంచింది.

"సోమవారం నీకు సెలవే కదూ?"

"సెలవేనండీ. నేను కారులో తీసుకొచ్చి దింపుతాను, కింద ఉంటాను."

"కింద ఎందుకు. నాకు దిగడానికి చాలాసేపు పడుతుంది ఇప్పుడు. నువ్వు నెమ్మదిగా పైకి నడిచి రా, నేను అక్కడ ఉంటాను. దిగేటప్పుడు మాట్లాడుకుంటూ దిగుదాం."

కోడలు సరేనత్తయ్యా అంది. అన్నేళ్ళలో అత్తగారు ఆమెను కొండ మీదికి రమ్మనడం అదే మొదటిసారి.